పీఎస్‌ఏ రిపోర్టు చేతికి వచ్చాక: నల్లగొండ, పాలమూరు కుటుంబాల కోసం

పీఎస్‌ఏ అంటే మగవాళ్లలో ఉండే ప్రోస్టేట్ గ్రంథి కోసం చేసే రక్త పరీక్ష. ఆ కాగితాన్ని ఎవరూ ఇంటిదాకా మోసుకెళ్లరు. ల్యాబు మెట్ల మీదే కవరు చింపుతారు. మొదట కంట పడేది లావు అక్షరాల్లో ఉన్న అంకె, దాని పక్కన ఎక్కువ ఉందని చెప్పే ‘హెచ్’ గుర్తు. నల్లగొండలో ఒక ల్యాబులో ఇరవై ఏళ్లుగా రక్తం తీసి, పరీక్షించి, ఆ కాగితాలు చేతికిస్తున్నాను. ఆ మెట్ల మీదే కూలబడిన కొడుకులను చూశాను. వాళ్లలో చాలామంది నాయనలకు ప్రోస్టేట్ క్యాన్సర్ లేదు. నిజంగా ఉన్న కొందరేమో నడుము నొప్పిని నీళ్ల జబ్బు (ఫ్లోరైడ్ నీళ్లతో వచ్చే ఫ్లోరోసిస్) కింద జమకట్టుకుని, ఆలస్యంగా వచ్చారు. రెండు వైపులా జరిగింది ఒకటే. ఒక్క అంకెను పట్టుకుని, దాని పక్కన ఉండాల్సిన మిగతా సంగతులను వదిలేశారు.

నేను డాక్టర్‌ను కాను. ఏం చేయాలో తేల్చేది మూత్ర సంబంధ జబ్బుల డాక్టర్, అంటే యూరాలజిస్టే. ఆయన ముందు కూర్చునేటప్పటికి మీ చేతిలో ఏముండాలి, ఆయన చెప్పేది ఎలా అర్థం చేసుకోవాలి అన్నదే ఇక్కడ రాస్తున్నాను.

ఆ అంకె దేని గుర్తు?

మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉండే చిన్న గ్రంథి ప్రోస్టేట్. అది తయారు చేసే ఒక ప్రోటీన్ పేరు పీఎస్‌ఏ. దాని అసలు పని వీర్యాన్ని పలుచన చేయడం. అందులో కొంచెం రక్తంలోకి కారుతుంది. గ్రంథి పెరిగినా, అందులో ఇన్‌ఫెక్షన్ చేరినా, దానికి దెబ్బ తగిలినా, క్యాన్సర్ వచ్చినా ఎక్కువ కారుతుంది. కాబట్టి పీఎస్‌ఏ ఆ గ్రంథికి గుర్తు. క్యాన్సర్‌కు మాత్రమే గుర్తు అనుకోవడం దగ్గరే భయం మొదలవుతుంది.

రిపోర్టులో కనిపించే 4 అనే హద్దు 1990లలో స్థిరపడింది. అమెరికాలో 1994లో, డాక్టర్ మలద్వారం ద్వారా వేలితో చేసే పరీక్షతో కలిపి క్యాన్సర్‌ను గుర్తించడానికి ఈ రక్త పరీక్షను ఆమోదించారు. ఆ హద్దు గోడ లాంటిది కాదని తర్వాత తేలింది. 2004లో అక్కడే వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, పీఎస్‌ఏ 4 దాటని మగవాళ్లకు కూడా బయాప్సీ (గ్రంథి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం) చేసి చూస్తే సుమారు 15 శాతం మందిలో క్యాన్సర్ కనిపించింది. 4 దాటిన వాళ్లందరికీ క్యాన్సర్ ఉండదు, దాటని వాళ్లందరూ నిశ్చింతగా ఉండడానికీ లేదు.

మొదటి పని: కాగితాన్ని నిదానంగా చదవడం

పేరు, వయసు, రక్తం తీసిన తేదీ మీవేనా అని చూడండి. ఇంత చిన్న విషయమా అనుకోవద్దు. ఒకే ఊరి నుంచి ఒకే పేరుతో ఇద్దరు వచ్చే రోజులు మాకు మామూలే. తర్వాత చుక్క ఎక్కడ ఉందో చూడండి. 4.2 వేరు, 42 వేరు. ఫోనులో వచ్చిన మసక ఫొటో చూసి ఆ చుక్కను పోగొట్టుకున్న కుటుంబాలు ఉన్నాయి. కొలమానం మిల్లీలీటరుకు ఇన్ని నానోగ్రాములు అని ఉంటుంది.

ఆ తర్వాత ‘టోటల్ పీఎస్‌ఏ’ అని ఉందా, ‘ఫ్రీ పీఎస్‌ఏ’ అని ఉందా గమనించండి. రెండూ వేర్వేరు పరీక్షలు. టోటల్ అంటే రక్తంలోని మొత్తం పీఎస్‌ఏ, ఫ్రీ అంటే అందులో వేరే ప్రోటీన్లకు అంటుకోకుండా విడిగా తిరిగే భాగం. ఫ్రీ పీఎస్‌ఏ 0.9 అని చూసి, నాలుగు లోపే ఉందని సంతోషపడితే తప్పు. హద్దు 4 అని చెప్పేది టోటల్‌కే.

కింద పరీక్ష పద్ధతి పేరు కూడా ఉంటుంది. దాన్ని ఎవరూ చదవరు. ఒక కంపెనీ యంత్రం మీద, ఒక కిట్‌తో వచ్చిన అంకెకూ ఇంకో దాని మీద వచ్చిన అంకెకూ తేడా ఉండవచ్చు. మహబూబ్‌నగర్ నుంచి ముంబయికి, పుణెకు పనికి వెళ్లిన వాళ్లు అక్కడొకసారి, పండక్కి వచ్చినప్పుడు ఇక్కడొకసారి పరీక్ష చేయించుకుంటారు. అక్కడ 4.4 వచ్చింది, ఇక్కడ 5.1 వచ్చింది, పెరిగిందని బెంగ పెట్టుకుంటారు. అది యంత్రాల తేడా కావచ్చు. ఒకే మనిషిలో ఒకే యంత్రం మీద కూడా ఈ అంకె రోజును బట్టి 15 నుంచి 20 శాతం వరకు అటూ ఇటూ ఊగుతుంది. వీలైనంతవరకు ఒకే ల్యాబులో చేయించండి.

రెండో పని: రక్తం ఇచ్చే ముందు ఏం జరిగిందో గుర్తు చేసుకోవడం

అన్నిటికంటే ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

దేవరకొండ వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. అరవై ఆరేళ్లు. కొడుకు చేతిలో రిపోర్టు, అందులో 11.8. ఆయన ధోవతి కొంగు పక్కన మూత్రం సంచి వేలాడుతోంది. “ఈ పైపు ఎప్పుడు వేశారు పెద్దాయనా?” అని అడిగాను. మూత్రం ఆగిపోతే మొన్న రాత్రి వేశారని చెప్పారు. రక్తం తీసింది మరునాడు పొద్దున. మూత్రం ఆగిపోవడం, పైపు వేయడం, మూత్ర పరీక్షలో నిండుగా చీము కణాలు. ఈ మూడింటిలో ఏ ఒక్కటైనా పీఎస్‌ఏను పెంచుతుంది. డాక్టర్ ఇన్‌ఫెక్షన్‌కు మందులిచ్చి, పైపు తీసి, ఏడు వారాల తర్వాత మళ్లీ పరీక్ష రాశారు. ఈసారి 3.9. నడిమధ్య ఆ ఏడు వారాలూ ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర లేదని తర్వాత కొడుకు చెప్పాడు.

అందుకే ఇవి గుర్తుంచుకోండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ లేదా ప్రోస్టేట్ వాపు ఉంటే, అది తగ్గాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి పరీక్ష చేయించాలి. పైపు వేసినా, లోపలికి కెమెరా పంపి చూసినా, బయాప్సీ చేసినా అంతే, కొన్ని వారాలు ఆగాలి. పీఎస్‌ఏ రక్తంలో సగానికి తగ్గడానికి రెండు మూడు రోజులు పడుతుంది. గ్రంథి వాపు దిగడానికి మాత్రం వారాలు కావాలి, అందుకే ఇంత గడువు. రక్తం ఇచ్చే ముందు రెండు రోజులు వీర్యస్ఖలనం కాకుండా చూసుకోవాలి. ఈ మాట అడగడానికి మాకూ మొహమాటమే, చెప్పడానికి వాళ్లకూ మొహమాటమే, అయినా అంకెను మార్చే సంగతి కాబట్టి అడగక తప్పదు. ఆ రెండు రోజులు సైకిల్ ఎక్కువసేపు తొక్కకపోవడం మంచిది. మలద్వారం ద్వారా డాక్టర్ వేలితో చేసే పరీక్ష వల్ల పెద్ద తేడా రాదు గానీ, రక్తం ముందే ఇస్తే ఏ అనుమానమూ ఉండదు. పరగడుపున రావాల్సిన అవసరం లేదు.

జ్వరం, మంట, చీము ఏవీ లేకపోయినా ‘అంకె తగ్గుతుందేమో చూద్దాం’ అని నెల రోజులు యాంటీబయాటిక్ మింగించడం నాకు నచ్చదు. ఇన్‌ఫెక్షన్ ఉంటేనే ఆ మందు. లేనిచోట దానివల్ల ఏమీ తేలదు, మందుకు లొంగని సూక్ష్మజీవులు మాత్రం పెరుగుతాయి.

మూడో పని: మాత్రల చీటీ బయటికి తీయడం

మూత్రం ధార సన్నగా వస్తుందని ఏళ్ల తరబడి మాత్రలు వాడేవాళ్లు మన దగ్గర చాలామంది. ఆ మాత్రల్లో డ్యూటాస్టెరైడ్ గానీ ఫినాస్టెరైడ్ గానీ ఉంటే, ఆరు నెలల నుంచి ఏడాది వాడేసరికి పీఎస్‌ఏ సగానికి పడిపోతుంది. అంటే కాగితం మీద 3.1 కనిపిస్తే దాన్ని రెట్టింపు చేసి, 6.2గా చదవాలి. ‘హెచ్’ గుర్తు రాలేదు కాబట్టి అంతా బాగుందనుకుంటారు, అసలు అంకె దాగి ఉంటుంది. ఆ మాత్ర వేసుకుంటూ ఉండగానే పీఎస్‌ఏ మెల్లగా పెరగడం మొదలైతే, అది నాలుగు లోపే ఉన్నా డాక్టర్‌కు చూపించాలి.

మూత్రం ధార కోసమే ఇచ్చే ఇంకో మందు ట్యామ్‌సులోసిన్ ఒక్కటే వాడుతుంటే ఈ లెక్క వర్తించదు. చాలా మాత్రల్లో ట్యామ్‌సులోసిన్, డ్యూటాస్టెరైడ్ కలిసే ఉంటాయి కాబట్టి పేరు మీద ఆధారపడకుండా, ఖాళీ పట్టీ వెనుక ఉన్న మందుల పేర్లు చదివించుకోండి. జుట్టు రాలకుండా వాడే కొన్ని మాత్రల్లోనూ ఫినాస్టెరైడ్ ఉంటుంది.

నాలుగో పని: వయసు పక్కన, పాత అంకె పక్కన పెట్టి చూడడం

రిపోర్టు మీద అచ్చయ్యే 0 నుంచి 4 అన్న హద్దుకు మనిషి వయసు తెలియదు. వయసుతో పాటు గ్రంథి పెరుగుతుంది, దానితో పీఎస్‌ఏ కూడా. తరచుగా వాడే లెక్క ప్రకారం నలభైల్లో 2.5, యాభైల్లో 3.5, అరవైల్లో 4.5, డెబ్బైల్లో 6.5 వరకు మామూలుగా తీసుకుంటారు. అంటే నలభై ఎనిమిదేళ్ల మనిషికి 3.4 ఉంటే కాగితం ఊరుకున్నా డాక్టర్ ఊరుకోకూడదు. డెబ్బై ఆరేళ్ల ఆయనకు 5.2 ఉంటే కాగితం అరిచినా అంత కంగారు అక్కర్లేదు. తండ్రికి గానీ అన్నదమ్ములకు గానీ ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే ముప్పు సుమారు రెట్టింపు. ఆ సంగతి డాక్టర్‌కు చెప్పి తీరాలి.

పాత రిపోర్టు ఉంటే దానికి ఎంతో విలువ. ఏడాదికి 0.75 కంటే ఎక్కువ పెరుగుతూ పోతే అనుమానించాలని ఒక లెక్క ఉంది. అయితే రెండు అంకెల మధ్య గీత గీసి వేగం తేల్చకూడదు. ఏడాదిన్నర వ్యవధిలో కనీసం మూడు పరీక్షలు ఉంటేనే ఆ లెక్కకు అర్థం. మొదటిసారి ఎక్కువ వస్తే చేయాల్సిన మొదటి పని కూడా పరీక్షను కొన్ని వారాల తర్వాత మళ్లీ చేయించడమే. అలా చేయించిన వాళ్లలో చాలామందికి రెండోసారి తగ్గి వస్తుంది.

నాలుగుకూ పదికీ మధ్య

పాశ్చాత్య దేశాల లెక్కల ప్రకారం 4 నుంచి 10 మధ్య ఉన్నవాళ్లలో బయాప్సీ చేస్తే సుమారు నలుగురిలో ఒకరికి క్యాన్సర్ బయటపడుతుంది. 10 దాటితే సగం మందికి పైగా. కాబట్టి అసలు తర్జనభర్జన అంతా ఈ మధ్య భాగంలోనే.

ఇక్కడ రెండు లెక్కలు ఉపయోగపడతాయి. మొదటిది ఫ్రీ పీఎస్‌ఏ నిష్పత్తి. టోటల్ 6, ఫ్రీ 0.9 అనుకుంటే అది 15 శాతం. 25 శాతం దాటితే క్యాన్సర్ అవకాశం తక్కువ, 10 శాతం లోపు ఉంటే ఎక్కువ, నడుమ ఉంటే ఇంకా తేలనట్టే. టోటల్ 40 ఉన్నవాళ్లకు ఈ పరీక్ష చేయించి డబ్బు ఖర్చు పెట్టడం వృథా.

ఈ పరీక్ష విషయంలో మా పని వాళ్లకు తెలిసిన సంగతి ఒకటి చెప్పాలి. అచ్చంపేట, కల్వకుర్తి లాంటి చోట్ల తీసిన రక్తం చాలాసార్లు హైదరాబాద్ వెళ్లి పరీక్ష అవుతుంది. రక్తం గడ్డకట్టాక యంత్రంలో తిప్పి, పైన తేలిన పసుపు రంగు సీరాన్ని కొద్ది గంటల్లోనే వేరు చేసి, చల్లగా పంపాలి. గొట్టం అలాగే ఎండలో, బస్సులో గంటల తరబడి ఉంటే టోటల్ కంటే ఫ్రీ పీఎస్‌ఏ త్వరగా తగ్గిపోతుంది. అప్పుడు నిష్పత్తి లేనిపోనిదిగా తక్కువ కనిపించి, మనిషిని భయపెడుతుంది. “సీరం ఇక్కడే వేరు చేస్తారా? ఐసులో పెట్టి పంపుతారా?” అని అడగండి. అడిగే హక్కు మీకుంది.

రెండో లెక్కకు కొత్తగా రక్తం అక్కర్లేదు. స్కానింగ్ రిపోర్టులో ప్రోస్టేట్ పరిమాణం ఇన్ని సీసీలు అని ఉంటుంది. పీఎస్‌ఏను దానితో భాగించండి. పీఎస్‌ఏ 6, గ్రంథి 70 సీసీలు ఉంటే 0.09 కూడా రాదు. గ్రంథి పెద్దది కాబట్టి ఎక్కువ కారుతోందని అర్థం. అదే 6, గ్రంథి 25 సీసీలే అయితే 0.24. అంత చిన్న గ్రంథి అంత పీఎస్‌ఏ ఎందుకు కారుస్తోంది? 0.15 దాటితే డాక్టర్లు జాగ్రత్తగా చూస్తారు. నాకు ఈ లెక్క మీద గురి ఎక్కువ. కాగితం, పెన్సిల్ ఉంటే చాలు, ఇంట్లో ఎవరైనా వేయవచ్చు.

ఎముకలు: మన నేల మీద ఉన్న చిక్కు

ప్రోస్టేట్ క్యాన్సర్ పాకితే ఎక్కువగా వెన్నెముకకు, తుంటి ఎముకలకు చేరుతుంది. అక్కడ ఎముకను తినేయడం కంటే గట్టిపరచడమే ఎక్కువ. ఎక్స్‌రేలో ఎముక తెల్లగా కనిపిస్తుంది, రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ పెరుగుతుంది. పెద్దవాళ్లలో అది సుమారు 40 నుంచి 130 వరకు ఉండాలి, హద్దు ల్యాబును బట్టి కొంచెం మారుతుంది.

ఇప్పుడు నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ఊళ్లలో బోరు నీళ్లు తాగి పెరిగిన డెబ్బై ఏళ్ల మనిషిని తలచుకోండి. ఆ నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకల్లో చేరి, వాటిని గట్టిపరుస్తుంది. ఎక్స్‌రే తెల్లగా వస్తుంది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరుగుతుంది. నడుము బిగుసుకుపోతుంది. మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు వచ్చాక పిల్లల పరిస్థితి వేరు, కానీ అంతకుముందు దశాబ్దాలపాటు తాగిన నీరు ఆ పెద్దవాళ్ల ఎముకల్లోనే ఉంది. రెండు జబ్బులూ ఒకే రకం ఆనవాళ్లు చూపిస్తాయి.

దీనివల్ల రెండు వైపులా తప్పు జరుగుతుంది. ఈ నేల సంగతి తెలియని చోట ఎక్స్‌రే చూసి క్యాన్సర్ పాకిందని అనవచ్చు. మన దగ్గరేమో అంతా నీళ్ల మీదికి నెట్టేస్తారు. అలా నెట్టేసిన ఒక ఆయన రిపోర్టు నా చేతుల మీదుగానే వెళ్లింది. నడుము నొప్పికి ఏడాదిగా మందుల దుకాణం నుంచి మాత్రలు తెచ్చుకుని మింగుతున్నారు. కర్ర పట్టుకుని వచ్చి, బల్ల అంచు ఆసరాగా కూర్చున్నారు. పీఎస్‌ఏ 140 వచ్చింది. యంత్రం మీద మరోసారి వేసి చూశాను, అదే వచ్చింది. ఆ కాగితం ఆయన చేతికి కాకుండా, డాక్టర్ దగ్గరికే తీసుకెళ్లాను.

ఈ రెండింటినీ విడదీయడంలో పీఎస్‌ఏ బాగా పనికొస్తుంది. ఫ్లోరోసిస్ ఎముకలను గట్టిపరుస్తుందే గానీ పీఎస్‌ఏను 50కి, 100కి తీసుకెళ్లదు. పీఎస్‌ఏ 20 దాటితే సాధారణంగా ఎముకల స్కాన్ రాస్తారు. 100 దాటితే చాలామందిలో అప్పటికే పాకి ఉంటుంది. ఎక్స్‌రేలో కూడా తేడా ఉంటుంది: ఫ్లోరోసిస్ తెలుపు వెన్నంతా సమానంగా పరుచుకుంటుంది, ముంజేతి రెండు ఎముకల నడుమ పొర సైతం గట్టిపడి కనిపిస్తుంది. క్యాన్సర్ తెలుపు ఎక్కువగా మచ్చలు మచ్చలుగా ఉంటుంది. ఫ్లోరోసిస్ ఎముకలు బోన్ స్కాన్‌లో కూడా మెరుస్తాయి కాబట్టి, హైదరాబాద్‌లో స్కాన్ తీసే డాక్టర్‌కు మీ ఊరి పేరు, ఎన్నేళ్లు బోరు నీళ్లు తాగారన్నది చెప్పండి. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కాలేయ జబ్బుల్లోనూ పెరుగుతుంది. జీజీటీ అనే పరీక్ష కూడా పెరిగి ఉంటే కాలేయం వైపు చూస్తారు.

మిగతా రక్త పరీక్షలు

కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ తప్పక చూడండి. గ్రంథి మూత్రాన్ని అడ్డుకుంటే కిడ్నీల మీద ఒత్తిడి పడి అది పెరుగుతుంది. అది పెరిగి ఉంటే ఆ అడ్డు తీయడమే మొదటి పని. నొప్పి మాత్రలు ఏళ్ల తరబడి మింగిన వాళ్లకైతే కిడ్నీలు ముందే దెబ్బతిని ఉండవచ్చు. హిమోగ్లోబిన్ కారణం లేకుండా బాగా తగ్గి ఉంటే దాన్నీ డాక్టర్ దృష్టికి తేవాలి. ‘క్యాన్సర్ ప్యాకేజీ’ పేరుతో పది రకాల పరీక్షలు కలిపి అమ్మితే కొనకండి. ప్రోస్టేట్ అనుమానానికి వాటిలో చాలావరకు పనికిరావు.

రక్తం తర్వాత

రెండోసారీ పీఎస్‌ఏ ఎక్కువే ఉంటే, లేదా వేలి పరీక్షలో గడ్డ గట్టిగా తగిలితే, ఇప్పుడు ముందు ఎంఆర్‌ఐ రాస్తున్నారు. అందులో పైరాడ్స్ అనే మార్కు 1 నుంచి 5 వరకు ఉంటుంది. 4, 5 వస్తే ముక్క తీసి పరీక్షించమంటారు. ముక్క తీస్తే జబ్బు పాకుతుందని ఊళ్లలో గట్టిగా నమ్ముతారు. ఆ నమ్మకానికి ఆధారం లేదు, దానివల్ల ఆలస్యమై ప్రాణం మీదికి తెచ్చుకుంటారు. రక్తం పలుచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, తీసిన తర్వాత చలి జ్వరం వస్తే ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లండి. ముక్క రిపోర్టులో గ్లీసన్ స్కోరు 6 ఉంటే మెల్లగా పెరిగే రకం, 8 నుంచి 10 అయితే ఉధృతమైనది. 6 వచ్చిన చాలామందికి వెంటనే చికిత్స లేకుండా, పీఎస్‌ఏ చూసుకుంటూ కనిపెట్టుకుని ఉంటారు. క్యాన్సర్ అన్న మాట వినగానే పొలం అమ్మకానికి పెట్టకండి.

బీబీనగర్ ఎయిమ్స్, హైదరాబాద్‌లో నిమ్స్, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ప్రభుత్వ రంగంలో ఉన్నవి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో 10 లక్షల రూపాయలు. ఆహార భద్రత కార్డు, ఆధార్ వెంట ఉంచుకోండి.

పీఎస్‌ఏ ఎంత ఉన్నా ఒక సందర్భంలో రిపోర్టు కోసం ఎదురుచూడకూడదు. నడుము నొప్పితో పాటు కాళ్లు బలహీనపడి తడబడుతున్నా, తిమ్మిరెక్కినా, మూత్రం, మలం మీద అదుపు పోయినా అది వెన్నుపాము నలుగుతున్న గుర్తు కావచ్చు. ఫ్లోరోసిస్‌లో కూడా ఇలా జరుగుతుంది, అందుకని మన దగ్గర దీన్ని పాతదేలే అని వదిలేస్తారు. కారణం ఏదైనా గంటలు లెక్కే. ఆ రోజే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. ఒక పేజీలో గీతలు గీసి, తేదీ, ల్యాబు, టోటల్, ఫ్రీ, గ్రంథి సీసీలు, ఆ రోజుకు వాడుతున్న మాత్రలు, జ్వరం గానీ పైపు గానీ ఉందా అన్నవి వరుసగా రాయండి. పాత రిపోర్టులన్నీ ఆ పుస్తకంలోనే పెట్టండి. వేడికి అక్షరాలు మాసిపోయే కాగితం మీద వచ్చినవాటిని జిరాక్సు తీయించండి. పేజీ పైన మనిషి పేరు, వయసు, తండ్రికి, అన్నదమ్ములకు ఈ జబ్బు ఉందా లేదా అన్నది రాయండి. దాని కిందే పుట్టి పెరిగిన ఊరు, అక్కడ ఎన్నేళ్లు బోరు నీళ్లు తాగారో కూడా.